కూతకు పోయేది ఎప్పుడూ ఒక్కడేనా?

మా హోసూరు పక్క 'టైటాన్' అంటే గడియారమే. ఆ కంపెనీ ఊళ్ళోనే ఉంది. మాకు తెలిసిన ఇండ్లల్లో దాంట్లో పని చేసినవాళ్ళు చాలామందే ఉండారు. అందుకని మా ఇంటి పిల్లోళ్ళు బడిలో "మాది తెలుగు టైటాన్స్" అన్నప్పుడల్లా తమిళ జతగాళ్ళు చేతి గడియారం చూపించి "నిన్ను పోచ్చా?" అని అడిగేవాళ్ళు. ఆగిపోయిందా అని! వరసగా మూడు సీజన్లు ఆ ఎగతాళికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యింది 2014లో. మా కెలవరపల్లి ఇంట్లో టీవీ ముందర మూడు జట్లు కూర్చుంటాయి. బెంగళూరులో స్థిరపడిన మా అత్త కుటుంబం బుల్స్ పక్షం. తమిళ ఇంటి నుంచి మా ఇంటికొచ్చిన చిన్న కోడలు తలైవాస్ పక్షం. మిగతా మేమందరం టైటాన్స్. మూడు భాషలు కలిసే చోట బతికేవాళ్ళం, మూడు జట్లూ ఒక విధంగా మావే. అయినా పేరులో 'తెలుగు' అనే మాట ఉండే జట్టు ఒక్కటే. తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చదువుకునే మా పిల్లలు గొంతెత్తి "తెలుగు, తెలుగు" అని అరిచే సందర్భం ఏడాదికి ఇదొక్కటే. అందుకే ఆ జట్టు ఎట్లా ఆడుతుందనేది మాకు వట్టి ఆట సంగతి కాదు.

ఓడిపోయినందుకు మాకు కోపం లేదు. ఓడిపోవడం మాకు బాగా అలవాటే! 2021-22 సీజన్‌లో 22 ఆటలకు 1 గెలుపు. 2022లో 22 ఆటలకు 2. 2023-24లో మళ్ళీ 22 ఆటలకు 2. మొత్తం 66 ఆటల్లో 5 గెలుపులు. మా కోపమంతా ఓడిపోయిన తీరు మీద. ప్రతిసారీ ఒక్క వీరుడిని నమ్ముకుని, వాడినే పంపి, వాడు పట్టుబడితే చేతులు ముడుచుకుని కూర్చునే పద్ధతి మీద. మా అవ్వకు సూపర్ టెన్ అంటే ఏమో, సూపర్ టాకిల్ అంటే ఏమో తెలియదు. అయినా ఆమె అడిగిన ప్రశ్నకు మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయినాము. "వాడ్నే ఎన్నిసార్లు తోల్తారురా? తక్కినోళ్ళు ఏం చేస్తా ఉండారు, కొంగలకు కాపలానా?"

ఆట తెలియని చిన్నవాళ్ళ కోసం కొంచెం చెప్తాము. జట్టుకు ఏడుగురు. ఒక కూతకు 30 సెకండ్లు. వరసగా రెండు కూతలు పాయింటు లేకుండా వట్టివిగా పోతే, మూడోదాన్ని 'డూ ఆర్ డై' అంటారు. అందులో పాయింటు తేకపోతే కూతకు పోయినవాడే ఔటు. ఔటైనవాడు బయట కూర్చోవాల్సిందే. తన జట్టు ఎదుటివాళ్ళలో ఒకడిని ఔటు చేస్తేనే వీళ్ళలో ఒకడు లోపలికి వస్తాడు. ఏడుగురూ బయటికి పోతే ఆలౌట్, ఎదుటి జట్టుకు ఇంకో 2 పాయింట్లు.

ఈ లెక్కలోనే ఒక్కడిని నమ్ముకోవడంలో ఉండే ప్రమాదం కనబడుతుంది. జట్టులో పాయింట్లు తెచ్చేవాడు ఒక్కడే అయితే, ఎదుటివాళ్ళకు పని సులభం. వాడిని ఒక్కసారి పట్టి బయట కూర్చోబెడితే చాలు. వాడిని మళ్ళీ లోపలికి తేవాలంటే తక్కినవాళ్ళు పాయింటు తేవాలి. వాళ్ళకేమో కూతకు పోయే అలవాటే తప్పిపోయి ఉంటుంది. రెండు కూతలు గీత దాటి వట్టిగా తిరిగొస్తారు. మూడోది డూ ఆర్ డై. అప్పుడు, అంతవరకూ ఒళ్ళు వేడెక్కని కుర్రాడినొకడిని పంపుతారు. వాడు పట్టుబడతాడు. ఏడుగురు ఐదుగురవుతారు, ముగ్గురవుతారు, చివరికి ఆలౌట్. ఇదంతా జరిగేటప్పుడు మన వీరుడు బయట కుర్చీలో తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంటాడు. ఈ దృశ్యాన్ని మేము ఎన్ని రాత్రులు చూసినామో లెక్కలేదు.

ఇది ఏదో ఒక్క సీజన్‌లో జరిగిన పొరపాటు కాదు. మొదట రాహుల్ చౌదరి ఉండేవాడు. ఆరు సీజన్లు టైటాన్స్‌కు ఆడినాడు. లీగ్‌లో మొదటగా 500 రైడ్ పాయింట్లు దాటింది ఆయనే. ఆయన ఆట చూసే మా ఇంట్లో మగపిల్లలు కబడ్డీ నేర్చుకున్నారు. సంక్రాంతికి రాగి కోసిన చేలల్లో చెడుగుడు ఆడేటప్పుడు అందరికీ రాహుల్ కావాలనే ఉండేది. 2015లో జట్టు సెమీఫైనల్‌కు పోయి, బెంగళూరు బుల్స్ చేతిలో 38-39తో ఓడింది. ఒక్క పాయింటు! ఆ రాత్రి మా అత్త ఫోన్ చేస్తే ఎవరమూ ఎత్తలేదు. 2016లో మళ్ళీ సెమీస్ వరకూ పోయినాము. ఆపైన చాలా ఏండ్లు గుమ్మం కూడా తొక్కలేదు. 2019లో రాహుల్ తలైవాస్‌కు పోయినాడు. టైటాన్స్ వాళ్ళు 1.45 కోట్లు పెట్టి సిద్ధార్థ్ దేశాయ్‌ను తెచ్చుకున్నారు. పేరు మారింది, పద్ధతి మారలేదు. 2021-22లో ఆయనకు గాయమైనప్పుడు అంకిత్ బేనీవాల్, రజనీష్ అనే కుర్రాళ్ళకు కూతలు దొరికినాయి, వాళ్ళు పాయింట్లు తెచ్చినారు కూడా. ఆ పక్క బెంచీ మీద ఇంతమంది ఉండారా అని మేము ఆశ్చర్యపోయినాము. చూడండి, గాయమైతే గానీ రెండోవాడికి వంతు రాలేదు.

అన్నిటికంటే పెద్ద పాఠం పవన్ సెహ్రావత్‌ది. మా ఇంటి మూడు పక్షాలకూ ఆడిన మనిషి ఆయన. ముందు బెంగళూరు బుల్స్. 2022లో తలైవాస్‌కు పోయి మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ అంతా దూరమైనాడు. 2023 వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టి టైటాన్స్ తీసుకున్నారు. లీగ్‌లో అప్పటివరకూ ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం చేసుకున్నాము. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నిజమే.

తర్వాత ఏమయ్యింది? ఆ సీజన్‌లో పవన్ ఒక్కడే 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చినాడు. జట్టు మాత్రం రెండే ఆటలు గెలిచి అట్టడుగున నిలిచింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన పని ఆయన చేసినాడు. ఆయన పక్కన ఎవరినీ నిలబెట్టలేదు. తప్పు అక్కడ ఉంది.

"వీరుడు లేకుండా ఎవరు గెలిచినారు?" అని మా చిన్నాయన ఎప్పుడూ అడుగుతాడు. మంచి ప్రశ్నే. పట్నా పైరేట్స్ వరసగా మూడు టైటిళ్ళు గెలిచింది పర్దీప్ నర్వాల్ కూతలతోనే కదా అంటాడు. నిజం. 2017లో పర్దీప్ ఒక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చినాడు. అయితే అదే జట్టులో మోను గోయత్ ఉన్నాడన్నది చిన్నాయన మర్చిపోతాడు. పర్దీప్ బయట కూర్చున్నప్పుడు ఆయన్ని లోపలికి పిలిపించే చెయ్యి అది. పవన్ సంగతే తీసుకోండి. బుల్స్‌తో టైటిల్ గెలిచినప్పుడు, 2019 జనవరిలో జరిగిన ఫైనల్‌లో గుజరాత్ మీద ఒక్కడే 22 పాయింట్లు తెచ్చినాడు. అయినా ఆ సీజనంతా ఆయన పక్కన రోహిత్ కుమార్ ఉన్నాడు. అదే పవన్, అవే కాళ్ళు. పక్కన ఒకడుంటే కప్పు వచ్చింది, లేకుంటే అట్టడుగు వచ్చింది. వీరుడు అక్కరలేదని మేము అనడం లేదు. వీరుడికి జత కావాలంటున్నాము, అంతే.

ఈ సంగతి మాట్లాడుతుంటే డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు ఫోన్‌లో నవ్వినాడు. వాళ్ళ దేశంలో ఫుట్‌బాల్ అంటే బంతిని చేతిలో పట్టుకుని ఉరికే ఆట. నాలుగు అవకాశాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, లేదంటే బంతి ఎదుటివాళ్ళది. ఏ అవకాశానికి ఎవరు ఉరకాలి, బంతి ఎటు విసరాలి అన్నది గీత బయట నిలబడిన కోచ్‌లు చెప్తారు. బంతి విసిరేవాడి హెల్మెట్‌లో రేడియో కూడా ఉంటుందంట. అంత ఏర్పాటు ఉండి కూడా వాళ్ళ ఊరి జట్టు మొదటి రెండుసార్లు ఒకే మనిషికి బంతి ఇచ్చి గుంపు మధ్యలోకి తోస్తారని, మూడోసారి ఏం చేస్తారో స్టేడియంలో అందరికీ తెలిసిపోతుందని, నాలుగోసారి బంతిని దూరంగా తన్నేసి ఒప్పగించేస్తారని వాడి గోడు. "టీవీ ముందర కూర్చున్న నాకే ముందుగా తెలిసిపోతా ఉంటే, ఎదుటి జట్టుకు తెలియదా మామా?" అన్నాడు. వాడికి నాలుగో అవకాశం ఎట్లనో, మాకు మూడో కూత అట్ల. సముద్రాలవతల కూడా ఇదే కష్టమంటే కొంచెం ఊరట కలిగింది.

ఇప్పుడు మంచి మాట కూడా చెప్పాలి, లేకుంటే న్యాయం కాదు. 2024లో క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చినాక ఆట మారింది. పవన్ గాయంతో కొన్ని ఆటలకు దూరమైతే విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ ముందుకొచ్చినారు. 22లో 12 గెలిచినాము. అయినా ఏడో స్థానంలో ఆగి, ప్లేఆఫ్స్‌కు కొంచెంలో తప్పింది. 2025లో పవన్ మళ్ళీ తలైవాస్‌కు పోయినాడు. మా ఇంట్లో అందరూ అయిపోయిందనుకున్నాము. ఆగస్టు 29న విశాఖపట్నంలో సీజన్ మొదటి ఆట, సరిగ్గా తలైవాస్‌తోనే. 35-38తో ఓడిపోయినాము. చిన్న కోడలు ఆ రాత్రి అందరికీ మిఠాయి పంచింది. మేమూ తిన్నాము, ఏం చేస్తాము!

కానీ ఆ సీజన్ మొదటి రాత్రి మాదిరిగా ముగియలేదు. విజయ్ మలిక్ కెప్టెన్. ఆయన పక్కన భరత్ హుడా. ఈ భరత్ ఎవరనుకున్నారు? బెంగళూరు బుల్స్‌లో ఒకప్పుడు పవన్ పక్కన రెండో చెయ్యిగా కూతలు నేర్చుకున్న కుర్రాడు. పవన్ ఉండగానే అతనికి వంతు ఇచ్చినారు కాబట్టి, పవన్ వెళ్ళిపోయినాక 2022లో బుల్స్‌ను మోసింది అతనే. రెండోవాడికి ఇచ్చిన కూతలు ఎక్కడికీ పోవు, రేపటికి దాచుకున్న విత్తనాలు అవి. ఆ విత్తనం మా పొలంలో మొలిచింది. 2016 తర్వాత మొదటిసారి టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరినారు. అక్కడ బుల్స్‌నే ఓడించినారు. 2015 నాటి ఒక్క పాయింటు బాకీ పదేండ్లకు తీరింది. ఈసారి ఫోన్ మేమే చేసినాము, అత్త ఎత్తలేదు. ఆఖరికి పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఓడి, మూడో స్థానంతో సరిపెట్టుకున్నాము.

అయితే మా గోడు అంతటితో తీరిపోలేదు. 45 పాయింట్లు తెచ్చి కూడా ఓడినామంటే పట్టులో కొరత ఉంది, అది వేరే కథ. మా భయం ఏమంటే, భరత్ బాగా ఆడినాడు కాబట్టి వచ్చే సీజన్‌లో మళ్ళీ "భరత్ ఉన్నాడు కదా" అని మొదలుపెడతారేమో అని. రాహుల్ ఉన్నాడు కదా, సిద్ధార్థ్ ఉన్నాడు కదా, పవన్ ఉన్నాడు కదా అన్న పాత పాటే మళ్ళీ పాడతారేమో అని. వరదొచ్చినప్పుడు మా కెలవరపల్లి డ్యాంలో ఒక్క గేటును నమ్ముకుని కూర్చోరు. అన్ని గేట్లూ పని చేస్తా ఉండాయా అని ముందుగానే తిప్పి చూస్తారు. మేము అడిగేది అదే. ఆట మొదటి సగంలోనే, ఇంకా ప్రమాదం లేనప్పుడే, ముగ్గురికి కూతలు పంచండి. డూ ఆర్ డైకి ఎప్పుడూ ఆ చిన్నోడినే బలి పంపకండి. పంపాలంటే అంతకు ముందు రెండు మామూలు కూతలు ఇచ్చి పంపండి. పెద్దవాడు ఒక్కోసారి వట్టిగా తిరిగొచ్చినా పరవాలేదు, వాడు లోపల ఉండడమే సగం బలం. ఇంకొక మాట. జట్టులో ఎక్కువమంది హర్యానా, మహారాష్ట్ర పిల్లలే. వాళ్ళ మీద మాకు ప్రేమే. అయినా బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పే ఆ రెండు మూడు చోట్లలో మన పల్లెల చెడుగుడు పిల్లలకు కూడా వంతు దొరికితే, ఎక్కడో తమిళనాడు అంచున కూర్చుని అరిచే మా గొంతులకు ఇంకొంచెం బలం వస్తుంది.

ఇంత మాట ఊరి జట్టును అన్నాక మా ఇంటి సంగతి దాచుకోవడం బాగుండదు.

మా ఇంట్లో తెలుగు రాత పనులన్నీ పెద్దనాయనే చూసుకునేవాడు. కుప్పం పక్క బంధువులకు జాబులు, పెండ్లి పత్రికల మాటలు, ఇంటి పేర్ల లెక్క, ఎవరు ఎవరికి ఏ వరస అవుతారన్న పుస్తకం, అన్నీ ఆయన చేతి మీదే. ఎవరికైనా అనుమానం వస్తే "పెద్దనాయన ఉన్నాడు కదా" అనేవాళ్ళం. ఆయన కూడా ఎవరినీ దగ్గరకు రానిచ్చేవాడు కాదు. "మీరు తప్పులు రాస్తారు, ఇయ్యండి ఇటు" అని కాగితం లాక్కునేవాడు. మాకు అదే సుఖంగా ఉండేది. ఆయన పోయిన మరుసటి ఏడు ఇంట్లో పెండ్లి. పత్రిక తెలుగులో వేయించాలని పట్టుబట్టి వేయించినాము. అచ్చయి వచ్చినాక ఊరూరా పంచినాము. పెండ్లికి వచ్చిన కుప్పం ముసలాయన ఒకాయన చూసి, "ఇదేమి నాయనా, పెండ్లికూతురి పేరులోనే తప్పుంది" అన్నాడు. ఇంట్లో పదిమందిమి ఆ పత్రిక చూసినాము. ఎవరికీ కనబడలేదు. అచ్చేసినవాళ్ళను అనడానికి ఏముంది, దిద్ది ఇయ్యాల్సింది మేము.

ఆ రోజు మాకు టీవీలో బయట కుర్చీలో కూర్చున్న వీరుడు, లోపల దిక్కులు చూస్తా నిలబడిన ఆరుగురు గుర్తుకొచ్చినారు. మేమే ఆ ఆరుగురము. కోచ్‌ను తిట్టినంత సులభంగా మమ్మల్ని మేము తిట్టుకోలేకపోయినాము.

అందుకే ఇప్పుడు ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాము. కబడ్డీ సీజన్ వస్తే తెలుగు వ్యాఖ్యానమే పెడతాము. కూత, పట్టు, గీత, వరస అన్న మాటలు పిల్లల చెవిన పడతా ఉంటాయి. ఆట అయినాక స్కోరు, నాలుగు మాటలు తెలుగులో రాసి గోడకు అంటించాలి, ఒక్కో రాత్రి ఒక్కొక్కరు. చిన్న కోడలు కూడా రాస్తుంది. ఆమె తలైవాస్ గెలిచిన రోజులే ఏరుకుని రాస్తుందనేది వేరే సంగతి. ఆమె 'ళ' మా అందరికంటే బాగుంటుంది. ఎనిమిదో తరగతి పిల్ల 'ఆలౌట్'కు రెండు ఒత్తులు ఎక్కువ పెట్టింది. చిన్నాయన పెన్ను తీసి దిద్దబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. "ఉండనీరా, మొదటి కూత కదా."

మన తెలుగిండ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ దేశంలో ఉన్నా, ఒక్కసారి లెక్క చూసుకోండి. మీ ఇంట్లో కూతకు పోయేది ఎంతమంది? ఒక్కరే అయితే, వాళ్ళు బాగున్నప్పుడే పక్కవాళ్ళకు వంతు ఇప్పించండి. ఈ పుటలో వచ్చే నెల రాత మా ఎనిమిదో తరగతి పిల్లదే. తప్పులుంటాయి. దిద్దకుండానే పెడతాము.